పంటెక్కేవామ్మా?

యానాం బస్టాండులో ఆ పూట నేనూ మా ఆయనా ఎడమొహం పెడమొహంగా కూర్చున్నాం. సెలవులకి పిల్లల్ని ఊటీ తీసుకెళ్దామని నా పట్టు, తిరుపతికని ఆయన పట్టు. మా గొంతులు లేచేకొద్దీ పిల్లలిద్దరూ బిగుసుకుపోతున్నారు.

పక్కన కూర్చున్న ముసలాయనెవరో మా చిన్నదానివైపు వంగి, "ఎప్పుడన్నా పంటెక్కేవామ్మా?" అని అడిగాడు.

"ప్యాంటు ఎక్కరు తాతా, తొడుక్కుంటారు," అంది అది.

ఆయన నవ్వలేదు. మావైపు తిరిగి, "గోదారొడ్డున ఉండి పిల్లలకి పంటంటే తెలీదాండీ?" అన్నాడు.

"పెద్ద పడవమ్మా. బస్సునీ మనుషుల్నీ కలిపి గోదారి దాటించేసేది," అని దానికి చెప్పి, తన బస్సు రాగానే వెళ్ళిపోయాడు.

చివరికి నా పట్టే నెగ్గి ఊటీ వెళ్ళాం. అక్కడి చెరువులో పడవెక్కించాక చిన్నది చుట్టూ వెతికి, బిక్కమొహం వేసుకుని, "మరి బస్సేదమ్మా?" అంది.