పీఠం వెనక గోడ

పి.గన్నవరం దగ్గర మా ఊరి పాత ప్రార్థన మందిరాన్ని పడగొట్టి స్లాబు వేయాలని సంఘ పెద్దలు ఏకగ్రీవంగా తీర్మానించినప్పుడు, ఆ ఏకగ్రీవానికి అడ్డం పడ్డ ఒకే ఒక్క మనిషి రిటైరైన డ్రాయింగు మాస్టారు బెంజమిన్ గారు. గుల్లసున్నంతో కట్టిన గోడలు ఊపిరి పీలుస్తాయని, సిమెంటు పూస్తే చచ్చిపోతాయని ఆయన సభాముఖంగా సెలవిచ్చారు. ఊపిరి పీల్చే గోడను అంతవరకూ ఎవరూ చూసి ఎరగరు. అయినా పెద్దల్లో చాలామంది ఆయన చేత దెబ్బలు తిన్నవారే కాబట్టి, బాగుచేసి చూపించమని క్రిస్మస్ వరకూ గడువిచ్చారు.

అసలు కారణం ఆయన ఎవరికీ చెప్పలేదు. శంకుస్థాపన రాయి మీద ఆరుగురి పేర్లున్నాయి. ఆ ఆరుగురిలో ఎవరూ తట్ట మోయలేదు. మోసినవాళ్లలో ఆయన నాయనమ్మ ఎలీసమ్మ ఉంది. సంతకం రాని ఆ కూలిమనిషి, పని ముగిసిన రోజున పీఠం వెనక తడి గోడకు అరచెయ్యి అద్దింది. మనవణ్ని ఎత్తుకుని, ఆ గుంటలో వాడి చెయ్యి పెట్టించి మురిసిపోయేది. ఆవిడకు ఫొటో లేదు. సమాధిని గోదావరి కోసుకుపోయింది. తరవాతెప్పుడో ఆ గోడకు చేర్చిన బీరువా చాటున మిగిలిన ఆ అయిదు వేళ్లే ఆవిడ.

మాస్టారు డిగ్రీ చదివే పిల్లల్ని పోగుచేశారు. మొదట్లో బిర్యానీ ఆశ చూపవలసివచ్చింది. తరవాత అదీ అక్కర్లేకపోయింది. సున్నం నానబెట్టడం, ఇసక జల్లించడం, బెల్లం నీళ్లు కలపడం నేర్పారు. ఇవన్నీ ఆయన తన ప్రహరీ మీద ప్రయోగించి, దాన్ని రెండుసార్లు కూల్చుకుని గడించిన జ్ఞానం. రోజూ సాయంత్రం కళ్లు మూసుకుని గోడంతా తడిమి పరీక్ష పెట్టేవారు. ఎక్కడ గుంట తగిలినా పూడ్చవలసిందే. నాయనమ్మ చేతిని మాత్రం ప్రారంభోత్సవం నాడు, పాస్టరు గారి సమక్షంలో, మైకులో ఉపన్యసించి మరీ చూపించాలనుకున్నారు. సందర్భశుద్ధి లేకుండా ఏ పనీ చేసే మనిషి కాదాయన.

డిసెంబరులో గుండెనొప్పి వచ్చి అమలాపురం ఆస్పత్రిలో చేరారు. తిరిగొచ్చేసరికి పని పూర్తయి ఉండాలని పిల్లలు పంతం పట్టారు. వచ్చిన రోజే ఆయన్ను నడిపించుకుని మందిరానికి తీసుకెళ్లారు. బీరువా పక్కకు జరిగి ఉంది. దాని వెనక గోడ అద్దంలా మెరుస్తోంది.

పిల్లలకు మేస్త్రీగిరీ చేసే క్రిస్టీనా ఉత్సాహంగా చెప్పింది. "ఇక్కడ పేద్ద గుంటుందండీ మాస్టారూ. ఎవరిదో చెయ్యిలా ఉంది, మాస్టారినడుగుదామని అబ్బులు అన్నాడండీ. ఆస్పత్రిలో ఉన్నాయన్ని గుంటల గురించి అడుగుతారేట్రా అని నేనే తిట్టేనండీ. మీరు చెప్పిన పాళ్లే కలిపేం."

సున్నం సున్నంతో కలిసిందంటే ఇక విడదీయడం ఉండదు. ఆ పాఠమూ ఆయన చెప్పిందే.

మాస్టారు గోడ మీద అరచెయ్యి ఆనించి, ఎక్కడైనా అంచు తగులుతుందేమోనని మెల్లగా జరిపారు. తగల్లేదు.

"ఆయ్" అన్నారు. "బాగా చేసేరమ్మా. ఎక్కడా తెలీటం లేదు."

చెయ్యి తీయకుండా కళ్లు మూసుకున్నారు. పెదవులు వణుకుతున్నాయి. ప్రార్థన మొదలుపెట్టారనుకుని పిల్లలందరూ తలలు వంచి, కళ్లు మూసుకుని నిలబడ్డారు. ఎంతసేపటికీ ఆమెన్ రాలేదు. నడుమ కళ్లు తెరవడం మర్యాద కాదు కనక, ఎవరూ తెరవలేదు.