ఎరుపంటే ఎరుపే

దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం తెరుస్తున్నానని, లోపలి డిజైన్ చేసిపెట్టమని ఒకాయన నన్ను పిలిపించాడు. బడంగ్‌పేట్ వైపు ప్లాట్లు అమ్మి పైకొచ్చిన మనిషి. చీరల గురించి ఆయనకు తెలిసిందల్లా వాటిని ఆడవాళ్లు కొంటారని.

"అంతా రెడ్ ఉండాలె మేడమ్. ఎదురుంగ షాపోడు చూసి కుళ్లుకోవాలె," అన్నాడు.

నేను రంగు ముక్కలు బల్లమీద పరిచాను. లక్క ఎరుపు, ఇటుక ఎరుపు, దానిమ్మ గింజ, ఎండుమిర్చి. గోడలకు మీగడ రంగు వేసి, కౌంటర్ వెనక ఒక్క గోడకే లక్క ఎరుపు వేద్దామన్నాను. అన్నీ ఎర్ర గోడలైతే ఆ ఛాయ చీరల మీద పడుతుందని, అసలు రంగు తెలియదని చెప్పాను.

ఆయన ఆ ముక్కల్ని పేకముక్కల్లా పక్కకు తోసేశాడు. "ఎరుపంటే ఎరుపే గద. గిన్ని రకాలేంది? మా బామ్మర్ది చెప్పిండు, రెడ్ చూస్తే గిరాకీ ఉరికొస్తదట."

బామ్మర్దిది బోర్లు వేసే వ్యాపారం. నేను తప్పుకున్నాను. వాళ్లు గోడలకు, పైకప్పుకు నిగనిగలాడే ఎరుపు పులిమారు. సోఫాలూ అదే రంగు. లోపల నిలబడితే ఎవరో నోరు తెరిస్తే అందులో నిలబడ్డట్టుండేది.

ప్రారంభానికి పిలిస్తే వెళ్లాను, నవ్వుకోవడానికే. వనస్థలిపురం నుంచి ఒకావిడ కూతురి పెళ్లికి మధుపర్కాల చీర కొనడానికి వచ్చింది. మాట తీరు కోస్తాది. సేల్స్‌గర్ల్ చీర విప్పగానే ముఖం చిట్లించింది.

"తెల్లది అడిగానమ్మా. ఇది గులాబీ రంగు కదా."

"తెల్లదే ఆంటీ."

"నాకు కళ్లు కనపడవనుకున్నావా?"

యజమాని వచ్చి తెలుపేనని ఒట్టు పెట్టాడు. ఆవిడ చీర పట్టుకుని ఫుట్‌పాత్ మీదికి నడిచింది. ఎండలో అది తెల్లగానే ఉంది. తిరిగొచ్చి బల్లమీద పెట్టేసింది.

"లోపల ఒకటి, బయట ఒకటి. పెళ్లి చీర ఇలా అనుమానంతో కొనలేమండీ."

కూతురిని తీసుకుని ఎదురు షాపుకే వెళ్లింది. ఆయన నావైపు తిరిగాడు.

"ముందే చెప్పాలె గద మేడమ్."

"చెప్పిన."

"జర గట్టిగ చెప్పాలె. లైట్లు మార్చి ఏమన్న చేయున్రి."

గోడల్ని వదిలేసి లైట్లను తప్పుపట్టే మనిషితో ఏం మాట్లాడతాం? నావల్ల కాదని చెప్పి వచ్చేశాను.

ఏడాది తిరక్కుండానే చీరలు పోయి, ఆ దుకాణం కిరాయికి ఓ బిర్యానీ హోటల్‌కు వెళ్లింది. గోడలు అలాగే ఉంచారు. తినేచోట ఆ ఎరుపు నప్పింది కూడా. ముందుచూపుతోనే వేయించానని ఆయన ఎల్బీనగర్ దాకా చెప్పుకుంటున్నాడట. చెప్పుకోనీ.