1186 నంబరు గేదె

మంగళవారం పొద్దున్నే లాండ్రీ యజమాని ఆమె ఫోను అడిగి తీసుకుని, గల్లాపెట్టె కింది సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఇకమీదట మరకల గదిలోకి ఫోను రాకూడదన్నాడు.

ఆమెకు నలభై ఆరేళ్లు. బట్టల మీద మరకలు తీయడం పద్దెనిమిదేళ్లుగా ఆమె పని. మరక టీదో, నూనెదో, సిరాదో తేలందే మందు వేయకూడదు కాబట్టి ప్రతి బట్టనూ ముందు కిటికీ వెలుగులో పట్టి చూస్తుంది. చూడగా చూడగా ఓ రోజు టీ మరకలో తడిసిన కొండ కనిపించింది. రెండేళ్ల కిందట అదే లాండ్రీలో రసీదులు రాసే వదిన, అన్న భార్య, తన పాత టాబ్లెట్ ఇచ్చి దాని మీద బొమ్మలు గీయడం నేర్పింది. అప్పటినుంచి మరకను ఉతికేముందు ఫొటో తీసుకోవడం, ఇంటికెళ్లి దాని అంచుల వెంబడే బొమ్మ వేయడం. పేర్లు తోచక, బట్టకు గుచ్చిన చీటీ నంబరే బొమ్మకు పెట్టేది. ఆ నంబర్ల గుట్టు వదినకు ఒక్కదానికే తెలుసు.

కిందటి వారం గ్రంథాలయంలో ఆమె బొమ్మలు ఆరు గోడకెక్కాయి. సోమవారం ఒక పెద్దమనిషి లాండ్రీకి వచ్చి బల్ల చరిచాడు.

"నా జేబులో పెన్ను కారితే గోడ మీద గేదెని చేస్తారా? 1186 నా చొక్కాయేనని మా ఆఫీసువాళ్లకు చెప్పింది మీ రసీదులావిడేనట. అందరూ నన్ను గేదెగారూ అంటున్నారు!"

మంగళవారం భోజనాలప్పుడు ఆమె వదిన ఎదుట కూర్చుంది. డబ్బా మూత తీయలేదు.

"ఎందుకు చెప్పావు వదినా?"

"ఎవరు నేర్పారమ్మా అని గ్రంథాలయంలో అందరి ముందూ అడిగితే ఏమన్నావు తల్లీ? దానంతటదే వచ్చిందన్నావు. నేను పక్కనే ఉన్నాను."

"నీ పేరు చెబితే లాండ్రీ సంగతి వస్తుంది, మరకల సంగతి బయటపడుతుందని భయపడ్డాను. నన్ను నాలుగు తిట్టాల్సింది."

"తిడితే ఏముంది, తుడిచేసుకుంటావు. నీకు అలవాటేగా."

మధ్యాహ్నం 2307 నంబరు దుప్పటి వచ్చింది. మధ్యలో జానెడు మరక. ఆమె దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లలేదు. వాసన చూసింది, టీ. మందు వేసి రుద్దింది.

ఆ రోజు ముప్పై ఒక్క బట్టలు. దేనిమీదా ఏమీ మిగల్లేదు.