మావయ్య చేపల తొట్లు

రామచంద్రపురంలో కిరాణా కొట్టు మూసేశాక, మావయ్య డబ్బాలు పేర్చే ఇనుప ర్యాక్‌ని ఇంటికి తెచ్చి దాని మీద ఆరు చేపల తొట్లు పెట్టాడు. ఖర్చు కలిసిరావాలని ఆరింటినీ గొట్టాలతో కలిపి ఒకే మోటారు బిగించాడు. అన్నిట్లోనూ అవే నీళ్ళు తిరిగేవి. కొట్లో పొద్దున్నే డబ్బాలు వేలితో తట్టి చూసే అలవాటు మాత్రం పోలేదు. ఇప్పుడు అద్దాలు తట్టేవాడు, చేపలు వేలి దగ్గరికొచ్చేవి. కొట్టు పోయాక ఆయన పలకరించేది వాటినే.

మొక్కలు కొనడం దండగని నన్ను నాచు తెమ్మన్నాడు. వరిచేల పక్క కాలవలో పీకి తెచ్చి, నా అలవాటు ప్రకారం కోతలు కోస్తూ, "గోదావరి అడుగుకి మునిగి తెచ్చాను మావయ్యా. మొసలి నిన్ను అడిగానని చెప్పమంది" అన్నాను.

మావయ్య నవ్వాడు. "కాలవ నాచైతే పురుగుమందు పోయేదాకా నానబెట్టాలి. గోదావరిదైతే అక్కర్లేదులే" అని నాచుని అప్పుడే తొట్లో వేసేశాడు.

తెల్లారేసరికి ఆరు తొట్లలోనూ చేపలు వెల్లకిలా తేలాయి.

మావయ్య ఏడవలేదు, తిట్టలేదు. ఎప్పట్లాగే వరసగా ఆరు అద్దాలూ తట్టాడు.

"గోదావరి అడుగున కూడా మందు కొడుతున్నారేంట్రా?" అన్నాడు.

"అవును మావయ్యా" అన్నాను.

అంత చిన్న అబద్ధం నేనెప్పుడూ ఆడలేదు.