టీచరమ్మ చింతపండు, కవరింగ్ లెటర్లు

విశ్రాంతమ్మ టీచర్ ఎవరికైనా ఉద్యోగానికి కవరింగ్ లెటర్ రాసిపెడుతుంది, కానీ ముందు వాళ్లతో ఇంటి పని చేయించుకుంటుంది. పైసా ముట్టదు, పని మాత్రం వదలదు. మిషన్ స్కూల్లో ఇంగ్లిష్ చెప్పి రిటైరైన ఆమె ఇంటి పక్క వాటాలో కిరాయికి ఉండేవాణ్ణి కాబట్టి ఈ దోపిడీ అంతా కళ్లారా చూశాను. బస్సు కండక్టరైన జయరాజ్ ఆమె కట్టెలు పేర్చినవాడే. అంగన్‌వాడీలో చేరిన అరుణశ్రీ ఆమె చింతపండు గింజలు తీసిన మనిషే. "టీచరమ్మకు కూలీల ఖర్చు లేదు" అని బూర్గంపాడంతా నవ్వుకునేది.

2005 ఎండాకాలంలో ఏంజెల్ వచ్చింది. తండ్రి బొగ్గు బాయిలో నడుం దెబ్బతిని ఇంట్లో కూర్చున్నాడు. డిగ్రీ పాసైన ఈ పిల్లను ఎక్కడికి పోయినా "అనుభవం ఉందా?" అని అడిగి పంపేస్తున్నారు. భద్రాచలంలో ఒక ప్రైవేటు దవాఖానాలో రిసెప్షన్ ఉద్యోగం ఉందట. మర్నాడే ఆఖరు తేదీ.

ఆ పిల్ల రాసుకొచ్చిన కాగితం టీచరమ్మ చదివింది.

"సిన్సియర్, ఒబీడియెంట్, హార్డ్‌వర్కింగ్. మా వాడకట్టు పగిడయ్య ఎద్దు గూడ గంతే బిడ్డా. దానికియ్యరు మరి ఉద్యోగం?"

"అనుభవం లేదు టీచరమ్మా. ఇంకేం రాయాలె?"

"అది తర్వాత సంగతి. గేటు కాడ కూసోని చింతపండు గింజలు తియ్యి. ఎవరొచ్చినా నువ్వే మాట్లాడు. నేను పండుకుంట."

కాసేపటికి మోకాళ్ల నొప్పులతో ముసలి జమ్లి ఏదో కాగితం చదివించుకోవడానికి వచ్చింది. ఆమె వెనకే పగిడయ్య వీధి అదిరేలా అరుస్తూ దిగాడు.

"మీ మేక నా చిక్కుడు పాదంత మేసింది! ఏదీ టీచరమ్మ?"

ఏంజెల్ చాట పక్కన పెట్టి, జమ్లిని నీడలో కూర్చోబెట్టి, పగిడయ్యకు చెంబుతో నీళ్లిచ్చింది. "పెద్దాయనా, మీ మాట మొత్తం వింట. ఈ అవ్వ ఎండన పడొచ్చింది. ఆమె పని జల్దీ చూసి మీ కాడికే వస్త."

పగిడయ్య సణుగుతూనే కూర్చున్నాడు. జమ్లి కాగితం చదివించుకొని వెళ్లాక, తన వంతులో అంతా చెప్పుకొని చల్లబడ్డాడు. "పదండి, పాదు చూసొస్త" అని ఏంజెల్ లేచేసరికి మాత్రం కంగారుపడి, "వద్దులే బిడ్డా" అని వెళ్లిపోయాడు.

టీచరమ్మ బయటికి రాగానే నాకు ఒళ్లు మండింది. "రేపే ఆఖరు తేదీ టీచరమ్మా. ఆ పిల్లను వాచ్‌మన్ చేసి మీరు పండుకుంటరా?"

"ఎవరు పండుకున్నరు సారూ? కిటికీల కెల్లి చూస్తనే ఉన్న."

అప్పుడు కాగితం తీసి ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు రాసింది. "నాకు దవాఖానాలో పనిచేసిన అనుభవం లేదు. ఒక ఇంటి గేటు దగ్గరికి నొప్పితో ఒకామె, కోపంతో ఒకాయన ఒకేసారి వచ్చారు. ఆమెను కూర్చోబెట్టి, ఆయనకు నీళ్లిచ్చి, ఇద్దరి మాటా విన్నాను. ఇద్దరూ శాంతంగా వెళ్లారు. మీ కౌంటర్ దగ్గరా ఇదే చేయగలను."

"గిది గూడ అనుభవమేనా టీచరమ్మా?" అంది ఏంజెల్.

"మరి? అండ్ల ఒక్క అబద్ధముంటే చూపియ్యి."

ఏంజెల్ ఆ రోజు మొదటిసారి నవ్వింది. ఉద్యోగమూ వచ్చింది. "ఆ కోపిష్టి మనిషెవరమ్మా?" అన్న ఒక్క ప్రశ్నే డాక్టరు అడిగాడట.

వారం తర్వాత చాయ్ దుకాణంలో పగిడయ్య కనిపిస్తే, మేక మేసిన పాదు మళ్లీ చిగురు వేసిందా అని అడిగాను.

"నాకు చిక్కుడు పాదేడిది సారూ? 'జర గట్టిగ ఒర్లు పగిడయ్యా, పిల్ల కష్టంల ఉన్నది' అన్నది టీచరమ్మ. నా గొంతు ఇంకా పట్టుకొనే ఉన్నది."

నాకు నవ్వు ఆగలేదు, టీచరమ్మ మీద అభిమానమూ ఆగలేదు. పగిడయ్య చాయ్ తాగేసి లేచాడు.

"పోయొస్త సారూ. చందర్ అని ఇంకో పిల్లగానికి డ్రైవర్ ఉద్యోగం గావాల్నంట. ఎద్దును జర రోడ్డుకు అడ్డం తోలుకరమ్మన్నది టీచరమ్మ."