లోపలి ప్యాడ్ ఒక్కటే అరిగింది

కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. ఏడాదికి ఒకటి రెండుసార్లు మా పాత చిన్న కారు వేసుకుని చెన్నై దగ్గరి రేసు ట్రాక్‌కి వెళ్ళి, రోజంతా ఆ మలుపుల్లో తిప్పుకుని వస్తాను. నలభై దాటాక ఇదేం పిచ్చని ఇంట్లో వాళ్ళు అడుగుతూనే ఉంటారు. కారు పని మాత్రం మొదటినుంచీ బాబాయిదే. చిలకలూరిపేట పత్తి మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాక, మా వీధిలో బళ్ళన్నీ ఆయనే బాగుచేసేవాడు.

కిందటిసారి ట్రాక్ మీద బ్రేకు తొక్కితే ఎడమవైపు నుంచి ఇనుము గీసిన చప్పుడు వచ్చింది. ఆపి, చక్రం విప్పి చూశాను. డిస్కుకి అటొకటి ఇటొకటి ప్యాడ్లుంటాయి. బయటిది కొత్తదానిలా ఉంది. లోపలిది వెనక ఇనప రేకు దాకా అరిగిపోయింది. రెండు నెలల ముందే బాబాయి కుడి ఎడమ చక్రాలు రెంటికీ కొత్త ప్యాడ్లు వేశాడు.

నా నోరు మంచిది కాదు. మెల్లగా నడుపుకుంటూ ఊరికి రాగానే ఆయన ఇంటి ముందు కారాపి, అరిగిన ప్యాడు విప్పి ఆయన ముందు పడేసి, అరుగు మీద పక్కింటాయన ఉన్నాడని కూడా చూడకుండా అరిచేశాను.

“ఏంది బాబాయ్ ఇది? కళ్ళు ఆనకపోతే చెప్పొచ్చుగా! ప్యాడు వంకరగా కూర్చోబెట్టావు. ఆ మలుపులో బ్రేకు పడకపోతే నా గతేంటి?”

బాబాయి ఆ అరిగిన ముక్కని తిప్పి తిప్పి చూశాడు. “సరిగ్గానే పెట్టాననుకున్నానే...” అని గొణిగాడు.

మర్నాటి నుంచి ఎవరు బండి తెచ్చినా, “బ్రేకుల పని నావల్ల కాదులే, షెడ్డుకి తీసుకెళ్ళండి” అని పంపించేసేవాడట. పిన్నిని ఎక్కించుకుని తిరిగే తన స్కూటరు కూడా షెడ్డుకే ఇచ్చాడు. “నువ్వేమన్నావో గానీ, మీ బాబాయి స్పానర్లు ముట్టుకోవడం లేదురా” అంది పిన్ని. అప్పుడు కూడా నేను తగ్గలేదు. మంచిదేగా, ఎవరి ప్రాణానికీ ముప్పుండదు అనుకున్నాను.

నెల రోజులు కారు కదపకుండా ఉంచి, చివరికి కొత్త ప్యాడ్లు నేనే వేద్దామని కూర్చున్నాను. ప్యాడ్‌ని తోసే పిస్టన్ నొక్కి చూస్తే మెత్తగా లోపలికి పోయింది. డిస్కు తిన్నగానే ఉంది. ప్యాడ్లు కూర్చునే చోట్లు బాబాయి ఆకురాయితో ఎంత శ్రద్ధగా సాపు చేశాడో కనిపిస్తూనే ఉంది. ఇక మిగిలింది రెండు ప్యాడ్లనీ పట్టుకుని ఉండే కాలిపర్. పిస్టన్ లోపలి ప్యాడ్‌ని నొక్కగానే కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ని డిస్కు మీదికి లాగాలి. చేత్తో ఎంత లాగినా అది కదల్లేదు. పిన్ను పీకేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. దాని రబ్బరు తొడుగు నానబెట్టిన శనగలా ఉబ్బి ఉంది. చుట్టూ నల్లటి గ్రీజు.

ఆ వాసన నాకు తెలుసు. మిల్లు గ్రీజు. పత్తి మిల్లులో బేరింగు ఎండితే వేడెక్కుతుంది, వేడెక్కితే పత్తి అంటుకుంటుంది. మిల్లు వాళ్ళ ఇళ్ళలో ఆ భయంతో పెరిగినవాళ్ళం కాబట్టి, గేటు బందుల నుంచి కుట్టుమిషను దాకా పొడిగా ఏది కనిపించినా గ్రీజు పూయందే మా చెయ్యి ఊరుకోదు. బాబాయి ప్యాడ్లు వేసిన మర్నాడు, పిన్నులకి గ్రీజు చాలదనిపించి ఇంత తీసి కూరింది నేనే. ఎడమవైపు అయ్యేసరికి భోజనానికి పిలిచారు, కుడివైపు వదిలేశాను. కుడివైపు ప్యాడ్లు రెండూ సమానంగానే అరిగాయి. మిల్లు గ్రీజు ఆ రబ్బరుకి పడదు; అది ఉబ్బి పిన్ను బిగుసుకుంటే బ్రేకు పనంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది. బాబాయి వాడింది దానికోసమే దొరికే వేరే గ్రీజు, అదీ పల్చటి పూత.

సిగ్గుతో చచ్చిపోయాను. పిన్ను పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. పక్కింటాయన అరుగు మీదే ఉన్నాడు. ఆయనా వినాలనే గట్టిగా చెప్పాను.

“తప్పు నాది బాబాయ్. నువ్వెళ్ళాక మిల్లు గ్రీజు నేనే పెట్టాను. నీ పనిలో ఏ లోపమూ లేదు.”

బాబాయి ఉబ్బిన రబ్బరుని వేలితో నొక్కి చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. పిన్ను పక్కన పెట్టి, తన రెండు చేతులూ చాచి చూసుకున్నాడు.

“వీటి పనైపోయిందనుకున్నాన్రా,” అన్నాడు.