రాజుల రొట్టెలో కొండపల్లి మనిషి

పాత పుస్తకాల కొట్ల మీద నాకో చిన్న ఫిర్యాదు ఉంది. అక్కడ కొన్న ఏ పుస్తకంలోనైనా ఒక పేజీ చిరిగి ఉంటుంది. దానికి బాధ లేదు. చిరిగిన పేజీ ఎప్పుడూ కావలసిన పేజీయే అయి ఉంటుంది, అదీ బాధ. ముందుమాటని ఎవరూ చింపరు. రచయిత తన భార్యకీ, అత్తగారికీ చెప్పుకున్న కృతజ్ఞతలు నిక్షేపంలా ఉంటాయి.

విజయవాడ లెనిన్ సెంటర్లో నేను కొన్న రంగుల పుస్తకం, చిన్నపిల్లలతో కలిసి దేశదేశాల రొట్టెలు కాల్చడం ఎలాగో నేర్పేది. అందులోనూ ఒక పేజీ లేదు. ఆ లేని పేజీ పుణ్యమా అని ఒక మనిషి తల ఒకచోట, మొండెం ఒకచోట అయిపోయాడు. ఐదుగురు పిల్లలు సాక్షులు. నేను ముద్దాయిని. కంగారుపడకండి, ఆ మనిషి చూపుడువేలంతే ఉంటాడు. నా పరువు అంతకన్నా కాస్త పెద్దది కాబట్టి నష్టం ఇటువైపే ఎక్కువ.

తొంభైల చివరి మాట ఇది. పామర్రులో ఎకనామిక్స్ పాఠాలు చెప్పుకుంటున్న నేను విజయవాడలో ఒక కాలేజీకి మారి, ఓ అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో కాపురం పెట్టాను. నా భార్య రమణి వారం తిరక్కుండా ఇరుగుపొరుగుతో కలిసిపోయింది. నాలుగేళ్ళ మా చంటిగాడు లిఫ్టుతో స్నేహం చేశాడు. ఎటొచ్చీ ఏడేళ్ళ సింధుకే చిక్కు వచ్చింది. సాయంత్రాలు కింద సెల్లార్లో పిల్లలంతా పట్టుకునే ఆట ఆడేవారు. వాళ్ళు దాన్ని చేర్చుకోకపోలేదు. ఆటలో అరటిపండుగా చేర్చుకున్నారు.

ఆటలో అరటిపండు సంగతి తెలియనివారు అదృష్టవంతులు. అరటిపండు ఆటలో ఉంటుంది, లెక్కలో ఉండదు. దొరికినా దొంగ పెట్టనక్కర్లేదు. అందుకని దాన్ని పట్టుకునే శ్రమ కూడా ఎవరూ తీసుకోరు.

“ఇవాళ ఏం ఆడావమ్మా?” అని అడిగాను ఒకరోజు.

“పరిగెత్తాను.”

“ఎవరు పట్టుకున్నారు?”

“నన్నెవరూ పట్టుకోరు నాన్నా. ఊరికే పరిగెత్తడమే.”

ఇంత చెప్పి అది గ్లాసెడు పాలూ గటగటా తాగేసింది. నా చేతిలో కాఫీ మాత్రం చల్లారిపోయింది.

ఆ వారమే ఆ పుస్తకం దొరికింది. అందులో మెక్సికో దేశపు రాజుల రొట్టె ఉంది. పిండిని గుండ్రంగా, పెద్ద గాజులాగా చుడతారు. లోపల ఒక చిన్న బొమ్మని దాస్తారు. రొట్టె కోసినప్పుడు బొమ్మ ఎవరి ముక్కలో వస్తే వాళ్ళు ఆ రోజుకి రాజో, రాణో. పండక్కి వచ్చినవాళ్ళంతా వాళ్ళ మాట వినాలి. ఇక్కడిదాకా చదివి ఆవేశంగా పేజీ తిప్పాను. నార్వే వచ్చింది. మధ్యలో పేజీ లేదు. బొమ్మ దేనితో చేసినదై ఉండాలి, ఎప్పుడు పెట్టాలి అనే చిల్లర విషయాలేవో అందులో ఉండి ఉంటాయి. నాకు కావలసింది మాత్రం దొరికింది. దసరా సెలవుల్లో పిల్లల్ని పిలుస్తాను. బొమ్మ సింధు ముక్కలో వచ్చేట్టు చూస్తాను. రాణీగారి మొదటి ఆజ్ఞతో అరటిపండు పద్ధతి రద్దవుతుంది. చరిత్రలో ఎన్నో సింహాసనాలు ఇంతకంటే చెడ్డ మార్గాల్లో దక్కాయని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

బొమ్మ ఎంపికకి బొమ్మల కొలువు దగ్గర సమావేశమయ్యాం. దశావతారాల సెట్టు మీద చెయ్యి వేశానో లేదో రమణి కసిరింది.

“దేవుణ్ణి కాలుస్తారా?”

“పోనీ ఈ పెళ్ళికొడుకు?”

“శుభమా అని పెళ్ళి చేసుకుంటుంటే అతన్నా?”

అంతలో చంటిగాడు కొలువు కిందనుంచి ఒకణ్ణి బయటికి లాగాడు. “నాన్నా, ఈ మామ పడిపోయాడు.”

తాటిచెట్టు ఎక్కే కొండపల్లి కల్లుగీత మనిషి. చెట్టునుంచి ఊడిపోయి ఎన్నాళ్ళయిందో. ఎర్ర పంచె, నల్ల మీసం, చెట్టుని కావలించుకున్నట్టు చాచిన చేతులు. ఎలాగూ పని లేకుండా ఉన్నాడు కదా అని రాజ్యం అతనికి అప్పగించాం.

పండగనాడు పొద్దున్నే మైదా, గుడ్లు, పంచదార, ఈస్టు కలిపి ముగ్గురం పిసికాం. సింధు మోచేతుల దాకా పిండి. చంటిగాడికి మోచేతుల దగ్గర తప్ప అంతటా పిండి.

“బొమ్మ ఎవరికొస్తుంది నాన్నా?” అంది సింధు.

“ఎవరి అదృష్టం వాళ్ళది తల్లీ,” అన్నాను, మొహం ఏ మాత్రం మార్చకుండా.

పిండి గంటసేపు నానితే చాలని పుస్తకంలో ఉంది. నాకు నవ్వొచ్చింది. ఇడ్లీపిండిని రాత్రంతా పులియబెట్టుకునే జాతి మనది. గంటలో పులిసేది పిండి కాదు, కోపం. మధ్యాహ్నం దాకా ఉంచితేనే బాగా పొంగుతుందని గిన్నె మీద మూత పెట్టాను. మూత వదులుగా ఉందని దాని మీద పామర్రునుంచి తెచ్చిన రోటి పొత్రం ఎక్కించాను. బెజవాడ ఉక్కలో ఈస్టు ఎంత ఉత్సాహంగా పనిచేస్తుందో పుస్తకం రాసినావిడకి తెలియదు. నాకూ తెలియదు.

పదకొండింటికి వంటింట్లోంచి రమణి కేక.

“ఏమండీ, మీ మెక్సికో బయటికొస్తోంది!”

వెళ్ళి చూద్దును కదా, మూత ఒక పక్కకి ఒరిగిపోయి, పొత్రం పిండిలో నడుందాకా కూరుకుపోయి ఉంది. పిండి గిన్నె దిగి, గట్టు దాటి, గ్యాస్ పొయ్యి వైపు తాపీగా నడుస్తోంది. పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. మా ఇంట్లో పిండి కొద్దీ పరుగు.

“నాన్నా, ఊపిరి పీలుస్తోంది!” చంటిగాడు దాన్ని అరచేత్తో ఒక్కటిచ్చాడు. అది నిట్టూర్చి కూలబడింది.

“కొట్టకురా, దానికి నొప్పి,” అంది సింధు, రెండు చేతుల్తో దాన్ని గిన్నెలోకి ఎత్తుతూ.

“నొప్పి సంగతి తర్వాత. ఇదంతా ఎవరు తింటారు?” అంది రమణి. సగం పిండి తన వాటాకి లాక్కుని, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి కలిపి సాయంత్రానికి పునుగులకి ఉంచింది. మిగతా సగాన్ని గుండ్రంగా చుట్టి, కల్లుగీత మనిషిని లోపల పడుకోబెట్టాం. సింధు చేతులు కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్ళినప్పుడు, సరిగ్గా అతనున్నచోట పైన గుర్తుగా ఒకే ఒక్క జీడిపప్పు గుచ్చాను. నా కుట్రలో సాంకేతిక భాగం అదొక్కటే.

మా వీధి చివర జానీబాషా గారి బేకరీ. రంజాన్ నెలలో చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు నాన్‌ఖటాయి బిస్కెట్ల పిండి కలిపి, రేకు పళ్ళేల్లో పేర్చి తెచ్చి, ఆయన బట్టీలో కాల్పించుకుని వెళ్ళడం మామూలు. కాబట్టి పళ్ళెంతో వచ్చిన నన్ను చూసి ఆయన ఆశ్చర్యపోలేదు. పళ్ళెంలో ఉన్నదాన్ని చూసి ఆశ్చర్యపోయారు.

“ఏంటి మాస్టారూ, స్కూటర్ టైరా?”

“రాజుల రొట్టెండీ. మెక్సికోది.”

“లోపల ఏమన్నా పెట్టారాండీ?”

“మనిషిని పెట్టాను.”

జానీబాషా గారు పళ్ళెం బల్ల మీద పెట్టేశారు.

“చిన్నవాడేనండీ. కొండపల్లి.”

“బొమ్మా! అలా చెప్పండి. ఈ బట్టీలో కోళ్ళని కాల్చాం గానీ మనుషుల దాకా ఎప్పుడూ పోలేదండీ.”

“చెక్క కదా, తట్టుకుంటుందంటారా?”

“కొండపల్లి వాళ్ళకేం ఢోకా లేదండీ. మా బావమరిది అక్కడ థర్మల్ స్టేషన్లో చేస్తాడు. ఎంత వేడికైనా చలించడు.”

ఈ శాస్త్రీయ ఆధారంతో ఇద్దరం తృప్తిపడ్డాం. ఆ బొమ్మల చేతులూ కాళ్ళూ విడిగా చెక్కి, చింతగింజల జిగురుతో అతికిస్తారనీ, పైన రంగులు వేస్తారనీ నేను బళ్ళో చదువుకున్నాను. మార్కులు కూడా వచ్చాయి. బట్టీ ముందు నిలబడినప్పుడు మాత్రం జ్ఞాపకం రాలేదు.

సాయంత్రం రొట్టె తెచ్చుకోవడానికి వెళ్ళాను. బంగారు రంగులో నిగనిగలాడుతోంది. దాని చుట్టూ, అంగుళం ఖాళీ లేకుండా, జీడిపప్పులు.

“ఇవేంటండీ?” అన్నాను.

“ఒక్క పప్పు బోసిగా ఉంది మాస్టారూ. మీరు మొహమాటపడ్డారేమో అనుకున్నా. పిల్లల పండగ కదా, నా తరఫున.”

తానొకటి తలిస్తే బేకరీ ఒకటి తలచింది. అంత ప్రేమగా చేసిన మనిషిని ఏమంటాం? థాంక్సండీ అన్నాను.

ఐదింటికి పిల్లలొచ్చారు. వాళ్ళ నాయకురాలు మూడో అంతస్తు హారిక. తొమ్మిదేళ్ళుంటాయి. సెల్లార్ రాజ్యాంగం ఆవిడ నోట్లోనే ఉంటుంది. ఆవిడ తర్వాత ఇమ్రాన్, ఇంకో ముగ్గురు. నేను రాజుల రొట్టె కథ చెప్పాను. పిల్లల కళ్ళు ఇంతింతయ్యాయి. సింధు అందరికంటే ముందు కూర్చుంది. బెజవాడ వచ్చాక వాళ్ళ మధ్యలో అది కూర్చోవడం అదే మొదలు.

ఏ జీడిపప్పు నాదో పోల్చుకోలేక, దేవుడి మీద భారం వేసి కత్తి దించాను. ఏదో టక్కుమంది. మొదటి ముక్క తీసి హారిక పళ్ళెంలో పెట్టాను. లోపలంతా ఎరుపు, మధ్యమధ్య నలుపు.

“రక్తం!” అన్నాడు ఇమ్రాన్.

“అంకుల్, మీ కేక్‌కి దెబ్బ తగిలింది,” అంది హారిక.

“అది జామ్,” అన్నాను.

“జామ్‌కి మీసం ఉందేంటి?”

హారిక ముక్కలోంచి కల్లుగీత మనిషి తలకాయ నాకేసి చూస్తోంది. కింద మిగతా మనిషి లేడు. జిగురు కరిగిపోయింది. పొంగిన పిండి అతన్ని ఏ దిక్కుకి ఆ దిక్కుగా లాక్కుపోయింది.

“రంగు తగిలినచోట ఎవరూ తినకండర్రా!” అని రమణి పళ్ళేల మీద పడింది. కానీ తిండి గొడవ ఎవరికి కావాలి? తలో ముక్కా లాక్కుని వెతికారు. ఇమ్రాన్‌కి మొండెం దొరికింది. ఒకడికి కుడిచెయ్యి, ఒకతెకి ఎడమచెయ్యి, ఇంకొకడికి జతకాళ్ళు. చంటిగాడు అప్పటికే వంటింట్లో పునుగుల దగ్గర స్థిరపడ్డాడు.

“తలకే కదా కిరీటం పెడతారు. నేనే రాణిని,” అంది హారిక.

“మొండెం లేకపోతే నీ తలకాయ ఎక్కడ నిలబడుద్ది? నేనే రాజు!”

“కత్తి పట్టేది చెయ్యి!”

“సింహాసనం ఎక్కాలంటే కాళ్ళుండాలి!”

“అంకుల్, మీ పుస్తకంలో ఎవరని రాశారు?”

“ఆ పేజీ లేదమ్మా,” అన్నాను.

ఈ గోలలో నేను చూస్తున్నది సింధుని. అది తన ముక్కని సగం చేసింది. ఆ సగాన్ని సగం చేసింది. చివరికి పొడి చేసి, ఆ పొడిని వేలితో జరిపి జరిపి వెతికింది. చిటికెన వేలు కూడా దొరకలేదు. ఆ గదిలో రాజ్యం లేనిది అదొక్కతే. దానికోసమే రొట్టె చేశాను. దానికే ఏమీ మిగల్చలేదు. ఇంకాసేపటికి దాని కింది పెదవి వణుకుతుందనీ, ఆ తర్వాత నాది వణుకుతుందనీ తెలిసిపోయి, వంటింట్లోకి పోదామని లేచాను.

“మరి మీరందరూ ఎవరికి రాజులు?” అంది సింధు.

అందరూ దానివైపు తిరిగారు.

“అందరికీ ఏదో ఒకటి దొరికింది. నాకేం దొరకలేదు. అంటే ప్రజలు నేనొక్కదాన్నే కదా?”

ఐదుగురు రాజులూ మొహమొహాలు చూసుకున్నారు. గిరాకీ ఎక్కువై సరఫరా తగ్గినప్పుడు ధర ఏమవుతుందో పదేళ్ళుగా నల్లబల్ల మీద గీతలు గీసి చెబుతున్నాను. అంత స్పష్టంగా నాకు ఆ రోజే అర్థమైంది.

“సింధూ, నా రాజ్యంలోకి రా. నీకు నా స్కిప్పింగ్ తాడు ఇస్తా,” అంది హారిక.

“నా రాజ్యంలోకొస్తే నువ్వు అస్సలు దొంగ పెట్టక్కర్లేదు!” అన్నాడు ఇమ్రాన్.

“నాకదొద్దు,” అంది సింధు. “నన్ను కూడా పట్టుకోవాలి. దొరికితే నేనూ దొంగ పెట్టాలి. ఎవరు ఒప్పుకుంటే వాళ్ళే రాజు.”

కిరీటాల కోసం రాజ్యాంగాలు మార్చుకున్నవాళ్ళు లోకంలో కొత్త కాదు.

“సరే. నేను ఒప్పుకున్నా.”

“నేను ముందు ఒప్పుకున్నా!”

“నేనూ!”

తలో గుప్పెడు పునుగులు పట్టుకుని మెట్లమీద దడదడమంటూ దిగిపోయారు. చంటిగాడు లిఫ్టులో వెళ్ళాడు. రొట్టెలో రంగంటని భాగం నేనూ రమణీ తిన్నాం. నిజం చెప్పొద్దూ, ఇడ్లీకీ బన్నుకీ మధ్యలో, పుల్లగా, ఏదో ఒకలా ఉంది. కాసేపటికి కిందనుంచి హారిక గొంతు వినబడింది.

“సింధు అవుట్! సింధు దొంగ!”

దాని వెనకే మా పిల్ల నవ్వు. అవుటైనందుకు అంత సంతోషంగా నవ్విన మనిషిని నేను ఇంతవరకూ మళ్ళీ చూడలేదు. రమణి తన పళ్ళెంలోని ఆఖరి పునుగు తీసి నా పళ్ళెంలో వేసింది.

దీపాలు పెట్టేవేళకి సింధు చెమటతో, దుమ్ముతో, చిరిగిన గౌను అంచుతో పైకి వచ్చింది. కుటుంబ సభ్యులంతా హాజరైన ఆ శుభసమయంలో నేను లేచి నిలబడి, పొత్రం మీద కుడిచెయ్యి వేసి ప్రతిజ్ఞ చేశాను:

“ఈ క్షణం నుంచి నా ఊపిరి ఉన్నంతవరకు, విదేశీ రొట్టెలో స్వదేశీ మనిషిని పెట్టను. గంట అన్నచోట గంటే ఉంచుతాను. కొండపల్లి పౌరులకు నావల్ల ఇక ఏ ప్రాణభయమూ ఉండదు.”

చంటిగాడు చప్పట్లు కొట్టాడు. సింధు కొట్టలేదు. మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టి, మోచేత్తో మూతి తుడుచుకుని, నావైపు చూసింది.

“నువ్వు గుర్తు పెట్టడం నేను చూశాను నాన్నా. తొండి చేసి గెలిపిస్తే గెలిచినట్టు కాదు.”